వెంటపడి వచ్చిన కుక్క

జీవరాజు భార్యలో వంక పెట్టడానికి ఏమీ లేదు, ఒక్కటి తప్ప. ఆవిడకి అబద్ధం ఆడడం రాదు. నర్సింగు చదివింది. చింతచిగురు రొయ్యలు వండితే వీధిలో సగం మంది ఏదో ఒక వంక పెట్టుకుని గుమ్మంలోకి వస్తారు. చర్చిలో పాట ఎత్తుకుంటే పాస్టరు గారు కూడా కాసేపు తన గొంతు తగ్గించుకుంటారు. ఇన్ని వచ్చిన మనిషికి ఆ ఒక్క విద్య ఎందుకు అబ్బలేదో పదహారేళ్ళ కాపురంలో జీవరాజుకి అంతుపట్టలేదు. పోనీ రాకపోతే రాకపోయింది, నోరు మూసుకుని ఊరుకుంటుందా అంటే అదీ లేదు. అడక్కపోయినా పిలిచి మరీ నిజం చెబుతుంది.

రాజమండ్రిలో అద్దె ఇల్లు వెతుక్కునేవాడికి ఇలాంటి భార్య దొరికితే ఎలా ఉంటుందో పడ్డవాళ్ళకే తెలుస్తుంది. ఒకసారి ఇన్నీసుపేటలో మంచి డాబా ఇల్లు, రెండు వైపులా గాలి. ఓనరు గారు "నీచు వండుతారా?" అని అడిగారు. "అబ్బే, ఏ పండక్కో పబ్బానికో అండి" అని జీవరాజు సర్దుతుండగానే వెనక నుంచి ప్రిస్కిల్లా "రోజూ చేపలేనండీ. ఆదివారం మాత్రం మాంసం" అంది. ఆ ఇల్లు పోయింది. ఇంకోచోట చుట్టాలొస్తారా అని అడిగితే, "మండపేట నుంచి మా అన్నయ్యావాళ్ళు వస్తారండీ. అయిదుగురు. వస్తే వారం కదలరు" అంది. అదీ పోయింది.

అందుకని శ్యామలాంబ టీచరుగారి ఇల్లు చూడడానికి జీవరాజు ఒక్కడే వెళ్ళాడు. ఆవిడ ఆడపిల్లల హైస్కూల్లో ముప్ఫై నాలుగేళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. పైన ఆవిడ ఒక్కరే ఉంటారు, కింది వాటా అద్దెకి. "జంతువులేమీ లేవు కదా? నాకు కుక్కలు పడవు" అన్నారు. "అలాంటివేమీ లేవండీ" అన్నాడు జీవరాజు. సామాను దిగిన సాయంత్రం ఆవిడ మెట్లు దిగి వచ్చేసరికి, వరండాలో ఒక చెవి మడతపడ్డ గోధుమరంగు కుక్క ఇల్లు తనదే అన్నట్టు కూర్చుని ఉంది.

"ఇదేంటి?"

"మాది కాదండీ. వెంటపడి వచ్చింది. రెండ్రోజులు చూసి అదే పోతుందండి."

ఆ రోజు ప్రిస్కిల్లాకి డ్యూటీ ఉండడం దేవుడి కృప అని జీవరాజు ఇప్పటికీ నమ్ముతాడు. ముందు సామాను దింపాలి, నిజం తర్వాత మెల్లగా దింపుకోవచ్చు అన్నది అతని సూత్రం. కానీ మొదటి రోజు చెప్పని నిజం ఆవకాయ లాంటిది, ఊరేకొద్దీ ఘాటెక్కుతుంది. అయిదేళ్ళయింది. కుక్క పోలేదు. నిజం దిగలేదు. దాని పేరు కాజా అని వీధి మొత్తానికి తెలుసు. టీచరుగారు మాత్రం ఏనాడూ ఆ పేరుతో పిలవలేదు. "మీ వెంటపడి వచ్చినది నా కనకాంబరాలు తొక్కేసిందండీ జీవరాజుగారూ" అనేవారు. మధ్యాహ్నం పూట అదే నోటితో ఎవరికీ కనపడకుండా దానికి పెరుగన్నం పెట్టేవారు.

ప్రిస్కిల్లా ఐర్లండు వెళ్ళి పద్నాలుగు నెలలైంది. లిమరిక్ దగ్గర చిన్న ఊళ్ళో ముసలివాళ్ళని చూసుకునే ఆస్పత్రిలో ఉద్యోగం. ఉండేది నలుగురు నర్సులు కలిసి తీసుకున్న ఇంట్లో మెట్ల పక్క గది. మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. మొదట్లో ఫోనులో అక్కడి వాన గురించీ, రుచీపచీ లేని కూరల గురించీ నవ్వుతూ చెప్పేది. డిసెంబరొచ్చాక నవ్వడం తగ్గింది. ఫిబ్రవరిలో ఒకరోజు, "నేను వెళ్ళేసరికి చీకటి, వచ్చేసరికి చీకటి. ఇంకో చలికాలం ఒక్కదాన్నీ ఉండలేనండీ" అంది. ఆవిడ అబద్ధం ఆడదు కనక జీవరాజు మర్నాడే వీసాకి కాగితాలు పెట్టాడు.

అతనికి వీసా వచ్చింది. జూన్ నెలాఖరులోగా అక్కడ దిగాలి. పద్దెనిమిదో తారీకుకి టిక్కెట్టు. ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. కాజాకి మెడ చర్మం కింద గుర్తింపు చిప్పు వేయించాడు, పిచ్చికుక్క వ్యాధికి టీకా వేయించాడు, నెల ఆగి దాని రక్తం తీయించి విదేశాల్లో లాబుకి పంపించాడు. ఆ తర్వాత మూడు నెలలు ఆగాలన్నారు, ఆగాడు. "మీ కంటే ముందు మీ కుక్క రక్తం యూరప్ చూసిందండి" అన్నారు పశువుల డాక్టరు హరిబాబు గారు. యజమాని ప్రయాణానికి అయిదు రోజులు అటూ ఇటూగా కుక్క కూడా వెళ్ళకపోతే మళ్ళీ వేరే తంతు, వేరే కాగితాలు. అంటే అతనూ కుక్కా కలిసి వెళ్ళాలి. అన్నీ సిద్ధం. లేనిదల్లా ఇల్లు.

అక్కడ ఇల్లు దొరకడం ఎంత కష్టమో ఇక్కడెవరికి చెప్పినా నమ్మరు. ప్రకటన పడిన గంటలో రెండువందల మంది రాస్తారట. అందులో "కుక్కలకి ప్రవేశం లేదు" అని లేనిది వెతికితే పదింటికి ఒకటి. ప్రిస్కిల్లాది పన్నెండు గంటల డ్యూటీ, ఫోను లాకర్లో. కనక ఆ వెతుకులాట రాజమండ్రి నుంచి జీవరాజే చేశాడు. అక్కడి పొద్దున్న ఇక్కడ మధ్యాహ్నం. క్యారేజీ పక్కన పెట్టుకుని, ఒక చేత్తో ముద్ద కలుపుతూ ఇంకో చేత్తో దరఖాస్తులు పంపేవాడు. పదహారేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాడు, దరఖాస్తు రాయడం ఎవరూ నేర్పక్కర్లేదు. "గౌరవనీయులైన అయ్యా లేక అమ్మా, దిగువ విన్నపమును సానుభూతితో పరిశీలించ ప్రార్థన" అన్న ధోరణిలో నిండు ఇంగ్లీషులో రాసి, కింద జతపరచిన పత్రముల జాబితా పెట్టేవాడు. వాటిలో ఆరోది కాజాకి కాండక్ట్ సర్టిఫికెట్.

"కుక్కకి కాండక్ట్ సర్టిఫికెట్టేంటండీ?" అంది ప్రిస్కిల్లా.

"గుడ్ అనే రాశాన్లే. వెరీ గుడ్ అంటే అనుమానిస్తారు."

తొంభైనాలుగు దరఖాస్తులు పంపితే పదకొండింటికి జవాబొచ్చింది. పదకొండూ ఒకటే మాట, కుక్క కుదరదని. ఏప్రిల్లో విసుగెత్తి జీవరాజు తన సూత్రానికి తిరిగొచ్చాడు. జంతువులు అన్న చోట "లేవు" అని నింపాడు. వారంలో ఇల్లు కుదిరింది. ప్రిస్కిల్లా సంతకం పెట్టడానికి వెళ్ళి, పెన్ను పట్టుకుని, "మాకో కుక్క కూడా ఉందండీ, జూన్‌లో వస్తుంది" అంది. ఏజెంటు కాగితం మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడట.

"సంతకం పెట్టాక చెప్పొచ్చు కదా!" అని అరిచాడు జీవరాజు ఫోనులో. "ముందు దిగితే తర్వాత వాళ్ళే అలవాటు పడతారు. టీచరుగారు పడలేదా?"

"ఇక్కడ వీధికుక్కలుండవండీ. ఏమని చెబుతారు? విమానం వెంటపడి వచ్చిందంటారా?"

జీవరాజు మళ్ళీ ప్రకటనల పేజీ తెరిచాడు.

మే నెలలో ఇంకో బాంబు. ప్రిస్కిల్లావాళ్ళు ఉంటున్న ఇంటిని ఓనరు అమ్మేస్తున్నాడు, జూన్ ఇరవైకల్లా ఖాళీ చెయ్యాలి. మిగతా నర్సులు ఎక్కడెక్కడో సర్దుకున్నారు. ఒక్కదానికైతే ఆస్పత్రివాళ్ళు గది చూపిస్తామన్నారు. మొగుడికీ కుక్కకీ చూపించరు.

అప్పుడు జీవరాజు తనకే చెప్పుకోలేని పని ఒకటి చేశాడు. ఒక ఆదివారం కాజాని వ్యానులో ఎక్కించుకుని మండపేట వెళ్ళాడు. ప్రిస్కిల్లా అన్న గణేష్‌బాబు అక్కడ రైసుమిల్లులో సూపర్‌వైజరు. "కుక్కే కదా బావా, మిల్లులో ఎలకలు కావలసినన్ని. రాజాలా బతుకుతాడు. ఎందుకంత దిగులు?" అన్నాడు. జీవరాజు దాన్ని అక్కడ కట్టేసి, వెనక్కి చూడకుండా బస్సెక్కాడు. రెండోరోజు గణేష్‌బాబే ఫోను చేశాడు. "మా ఆవిడ కోడికూర కలిపి పెట్టినా ముట్టలేదు బావా. ఊక లోడు లారీ కింద దూరి గేటు వైపు చూస్తా పడుకుంది. డ్రైవరు బండి తియ్యలేక కూచున్నాడు. నువ్వొచ్చి తీసుకుపో, నాకు చూడ్డం వల్ల కావట్లేదు." జీవరాజు వెళ్ళేసరికి అది లేచి ఎగరలేదు, మొరగలేదు. వచ్చి అతని పాదాల మీద గడ్డం పెట్టి కళ్ళు మూసుకుంది. తిరుగు ప్రయాణమంతా అతను కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నాడు. ఈ సంగతి ప్రిస్కిల్లాకి చెప్పలేదు. రెండు రోజులు కనపడని కుక్క మళ్ళీ వరండాలోకి వచ్చినప్పుడు టీచరుగారు మాత్రం పైనుంచి చాలాసేపు చూసి, లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు.

జూన్ మొదటి వారం. కాజా కోసం చేయించిన చెక్క పెట్టె వరండాలో పెట్టాడు.

"ఇదేంటండీ?" అన్నారు టీచరుగారు.

"సామాన్లకండి."

"సామాన్లకి గాలి ఆడాలా?" అని పెట్టె పక్కల ఉన్న కన్నాల్లో వేలు పెట్టి చూసి, మెట్లెక్కి వెళ్ళిపోయారు.

ఆఖరి దరఖాస్తు ప్రిస్కిల్లా చెప్పగా జీవరాజు రాశాడు. గౌరవనీయులైన లేదు, ప్రార్థన లేదు, సర్టిఫికెట్ లేదు. మేమిద్దరం, మాకు పిల్లలు లేరు, ఏడేళ్ళ కుక్క ఉంది, అయిదేళ్ళుగా ఒకే ఇంట్లో మాతోపాటు ఉంటోంది, దాన్ని వదిలి రాలేము. అంతే. రాస్తుంటే ఒంటి మీద చొక్కా లేనట్టు అనిపించింది జీవరాజుకి. మర్నాడే జవాబు. మిసెస్ క్విన్ అని ఒక పెద్దావిడ, ఊరి చివర పొలం, పొలం అంచున చిన్న ఇల్లు. ప్రిస్కిల్లాని వచ్చి చూడమంది. ప్రిస్కిల్లా వెళ్ళి చూసి, అక్కడి నుంచే వీడియో కాల్ చేసింది. నడుమెత్తు రాతిగోడ, గోడ లోపల గడ్డి, వంటింటి కిటికీలోంచి ఆ గడ్డి కనపడుతుంది. "ఇక్కడ నిలబడి గిన్నెలు కడుక్కుంటే కాజా కనపడతాడండీ" అంటూ ఫోను గోడ వైపు తిప్పేసింది.

ఒకటే షరతు. ప్రస్తుతం కుక్కతో మీరుంటున్న ఇంటి ఓనరుతో నేనొకసారి మాట్లాడాలి, ఫోన్ నంబరివ్వండి అంది మిసెస్ క్విన్. అక్కడ అదే పద్ధతిట.

జీవరాజు నంబరిచ్చాడు. ఇచ్చాక అసలు సంగతి గుర్తొచ్చింది. టీచరుగారికి నిజం చెప్పాలి, చెప్పి, ఆ నిజమే ఫోనులో చెప్పమని బతిమాలాలి. మంగళవారం సాయంత్రం మెట్లెక్కి వెళ్ళాడు. ఆవిడ మామిడికాయ ముక్కలు తుడుస్తున్నారు. "ఏంటండీ?" అంటే, "మోటారు వెయ్యమంటారేమోనని" అన్నాడు. గంటాగి మళ్ళీ వెళ్ళాడు. "మోటారు ఆపమంటారేమోనని." బుధవారం పొద్దున్న సగం మెట్ల దాకా వెళ్ళి, పైన ఆవిడ దగ్గు వినపడగానే దిగి వచ్చేశాడు. ఐర్లండువాళ్ళు నిదానస్తులు, రెండ్రోజులైనా పడుతుంది, ఈ సాయంత్రం తప్పకుండా చెబుదాం అనుకుని, మిగిలిన పని అప్పజెప్పడానికి కాలేజీకి వెళ్ళాడు.

అయిదున్నరకి ప్రిస్కిల్లా నుంచి మెసేజి. మిసెస్ క్విన్ తనకి పంపింది యథాతథంగా పంపించింది. "మీ ఓనరుతో మాట్లాడాను. ఆ ఇంట్లో కుక్కే లేదని ఆవిడ ఖాయంగా చెబుతున్నారు. అయిదేళ్ళుగా ఉందని మీరు రాశారు. ఎవరో ఒకరు నాతో అబద్ధమాడుతున్నారు. అలాంటివాళ్ళకి ఇల్లివ్వలేను. రెండింటికి వేరేవాళ్ళు చూసుకోవడానికి వస్తున్నారు." కింద ప్రిస్కిల్లా ఒక్కమాట రాసింది. "ఏం చేశారండీ?"

అక్కడి రెండు అంటే ఇక్కడ ఆరున్నర. జీవరాజు స్కూటరు తీసి ఎలా ఇంటికొచ్చాడో అతనికే తెలియదు. ఆ ఎండలో హెల్మెట్టు కూడా తియ్యకుండా మెట్లెక్కేశాడు.

టీచరుగారు పై వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. మొహం వెలిగిపోతోంది.

"రండి రండి, మీకోసమే చూస్తున్నాను. మీ ఐర్లండావిడ ఫోన్ చేసింది."

"ఏం... ఏం చెప్పారండీ?"

"బ్రహ్మాండంగా చెప్పాను. చాలా మర్యాదస్థులు, నెల తిరక్కుండా అద్దె ఇస్తారు, గోడకి మేకు కొట్టాలన్నా అడుగుతారు అన్నాను. ఆఖర్ని చాలా తెలివిగా అడిగిందండీ, కుక్క సంగతేంటి అని. నాకు తెలియదూ ఈ ఓనర్ల సంగతి? నేనూ ఓనర్నేగా. ఇల్లివ్వకుండా ఎగ్గొట్టడానికి లాగుతోందని పసిగట్టి, ఏ కుక్క? కుక్కా లేదు, పిల్లీ లేదు, ఆయనకి కుక్క నీడ కూడా పడదు అన్నాను. మళ్ళీ అడిగింది. బైబిలు మీద ఒట్టు పెట్టమన్నా పెట్టేదాన్నే, కాని అది మీది, నాది కాదు, అందుకని ఊరుకున్నాను."

జీవరాజు మెట్టు మీద కూలబడ్డాడు. హెల్మెట్టు గోడకి కొట్టుకుని టంగుమంది.

"ఏవైందండీ? మంచినీళ్ళిమ్మంటారా?"

"ఇల్లు పోయిందండీ టీచరుగారూ. ఆవిడకి కుక్క ఉన్నా ఫర్లేదు. ఉందని మేమే రాశాం. మీరు లేదన్నారు. అబద్ధాలకోర్లమనుకుని వేరేవాళ్ళకి ఇచ్చేస్తోంది. పద్దెనిమిదికి నా ప్రయాణం. ఇరవైకి మేమంతా రోడ్డు మీద. ఇంక నా వల్ల కాదండీ. నేను... ఇంక ఎక్కడ వెతకనండీ..." నలభై ఆరేళ్ళ మనిషి, మెట్టు మీద కూర్చుని, హెల్మెట్టులోంచి ఏడవడం టీచరుగారు ఎప్పుడూ చూసి ఉండరు.

ఆవిడ కుర్చీలో ముందుకు వంగారు. తర్వాత నెమ్మదిగా, "మీ కుక్కని మీరు తీసుకెళ్తున్నారా?" అన్నారు.

"అవునండీ."

"ఆ పెట్టె దానికేనా?"

"అవునండీ."

"హమ్మయ్య" అన్నారు, అదేదో తనలో తాను అనుకున్నట్టు. వెంటనే గొంతు మార్చి, "ఆగండాగండి. అది మీది కాదు కదా? వెంటపడి వచ్చింది కదా?" అన్నారు.

"అంటే... ఇప్పుడు మాదని చెప్పాలండి."

"చెప్పాలా, నిజంగా మీదేనా?"

"ఒకరకంగా..."

"జీవరాజుగారూ, మీరు సామాను దింపిన రోజు నేను ఇదే కుర్చీలో కూర్చుని ఉన్నాను. వీధికుక్క వ్యాను ముందు సీట్లో, డ్రైవరు పక్కన కూర్చుని దిగడం నా జన్మలో అదే చూడడం. దాని మంచినీళ్ళ గిన్నె మీ చేతిలో ఉంది."

జీవరాజు తల ఎత్తలేదు. అయిదేళ్ళుగా ఆవిడ దగ్గర దాచానని తను అనుకుంటున్నది ఇదన్నమాట. అయినా అతని బుర్ర అలవాటు కొద్దీ దారులు వెతుకుతూనే ఉంది. ఒక దారి దొరికింది కూడా. "టీచరుగారూ, మీరే మళ్ళీ ఫోన్ చేసి... ఆవిడ మాట సరిగ్గా అర్థం కాలేదని చెబితే? వాళ్ళ యాస వేరు కదండీ. పెద్దవారు, ఏమీ అనుకోదు."

శ్యామలాంబ టీచరుగారు కుర్చీలో నిటారుగా అయ్యారు. "ముప్ఫై నాలుగేళ్ళు ఇంగ్లీషు చెప్పాను నేను. డాగ్ అన్న మాటకి అర్థం తెలియలేదని చెప్పమంటారా నన్ను?"

"క్షమించండి. పోనీ వినపడలేదని..."

"ఫోన్ తియ్యండి" అన్నారు ఆవిడ. "మీ ఆవిణ్ణి కూడా పిలవండి. టైమెంతయింది?"

ఆరుంబావు. ఆవకాయ జాడీకి ఆనించి ఫోను స్టూలు మీద పెట్టారు. ప్రిస్కిల్లా ఆస్పత్రి మెట్ల దగ్గర నిలబడి ఉంది, యూనిఫారంలోనే, కళ్ళు ఎర్రగా. మిసెస్ క్విన్ నాలుగోసారికి ఎత్తింది. తెల్లజుట్టు, వెనకాల రాతిగోడ. పలకరింపులేమీ లేవు.

"నాకు పది నిముషాలే ఉంది. కుక్క ఉంటే నాకేమీ బాధ లేదు, నా బతుకంతా కుక్కలతోనే గడిచింది. ఉన్నదాన్ని లేదని చెప్పేవాళ్ళతోనే నాకు భయం. ఎవరు చెప్పారు లేదని?"

"నేను చెప్పానండి" అన్నారు టీచరుగారు, ఒక్కో మాటా తరగతిలో చదివినట్టు. "నాకు లేదని చెప్పారు కనక లేదని చెప్పాను."

"మీకెవరు చెప్పారు?"

టీచరుగారు జీవరాజు వైపు చూశారు.

జీవరాజు నోట్లో ఒక వాక్యం తయారుగా ఉంది. మొత్తం ఇంగ్లీషులో, తప్పుల్లేకుండా. ఆవిడ పెద్దవారండీ, ఈమధ్య కొంచెం మతిమరుపు. అయిదారు మాటలు. అంటే చాలు, మిసెస్ క్విన్ జాలిపడి తల ఊపుతుంది, ఇల్లు వస్తుంది. టీచరుగారికి కోపం వస్తుంది, వస్తే రానీ, పద్దెనిమిదో తారీకుకి తను ఈ ఊళ్ళోనే ఉండడు. నాలిక చివరిదాకా వచ్చింది ఆ వాక్యం. అతను ఫోనులో రెండో గడిలోకి చూశాడు. ప్రిస్కిల్లా. ఎవరూ అడక్కపోయినా నిజం చెప్పేసే మనిషి, ఇప్పుడు చెప్పగలిగీ చెప్పడం లేదు. పెదాలు గట్టిగా బిగబట్టి, మెట్ల రెయిలింగు పట్టుకుని అతని వంకే చూస్తోంది.

"నేనే చెప్పాను మేడమ్" అన్నాడు.

ఆ తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి, వ్యాకరణం ఎటు పోయిందో తెలియదు. మా ఊళ్ళో ఇల్లు దొరకాలంటే ముందు అన్నిటికీ లేదనాలి మేడమ్. అయిదేళ్ళ కిందట కుక్క లేదన్నాను. వచ్చాక మాది కాదన్నాను. తర్వాత ఎలా చెప్పాలో తెలియలేదు. ఈవిడ నా మాట నిలబెట్టడానికి చెప్పారు. నా భార్యకి ఇందులో ఏమీ లేదు, ఆవిడ ఎప్పుడూ నిజమే చెబుతుంది, దానివల్ల చాలా ఇళ్ళు పోయాయి. ఏప్రిల్లో అక్కడ కూడా ఒక ఇంటికి కుక్క లేదని నేనే రాశాను. పోయిన నెల కుక్కని వదిలేద్దామని మండపేట తీసుకెళ్ళాను, వదల్లేకపోయాను. ఆ మాటకి ప్రిస్కిల్లా చటుక్కున తలెత్తింది.

మిసెస్ క్విన్ ఫోనుని మొహానికి దగ్గరగా తెచ్చుకుంది.

"ఆ కుక్కని ఒకసారి చూపించండి" అంది మిసెస్ క్విన్.

జీవరాజు మెట్ల మీద నుంచి పిలిచాడు. కాజా ఒక్క ఉదుటున పైకి వచ్చాడు. వచ్చినవాడు యజమాని దగ్గరికి రాలేదు, ఫోను దగ్గరికి రాలేదు. తిన్నగా టీచరుగారి కుర్చీ కిందికి వెళ్ళి, అక్కడ నాలుగు మడతలు వేసి పరిచిన పాత నేతచీర మీద చుట్ట చుట్టుకుని పడుకున్నాడు. ఆ చీర అక్కడుందని జీవరాజుకి ఆ క్షణం దాకా తెలియదు. కుక్కలు పడని మనిషి కుర్చీ కింద కుక్కకి పడక.

మిసెస్ క్విన్ మొదటిసారి నవ్వింది. "అది మీ ఇద్దరిలో ఎవరిదో ముందు తేల్చుకోండి" అని, కొంచెంసేపు ఆలోచించి, "వాళ్ళని రావద్దని చెబుతాను. శనివారం తాళాలకి మీ ఆవిణ్ణి రమ్మనండి. అగ్రిమెంటులో కుక్క పేరు కూడా రాస్తాను. ఇంకెప్పుడూ నాతో లేదని చెప్పకండి, లేనిదాన్ని కూడా" అంది. ఆవిడ గడి ఆరిపోయింది.

ప్రిస్కిల్లా ఏడుస్తోందో నవ్వుతోందో చెప్పడం కష్టంగా ఉంది. "మండపేట సంగతి తర్వాత మాట్లాడతాను మీతో" అంది ముక్కు ఎగబీలుస్తూ. "టీచరుగారూ, వందనాలండీ. చాలా..."

"ఉండమ్మా, పెట్టెయ్యకు" అన్నారు టీచరుగారు. ఆవిడ చెయ్యి కుర్చీ కిందికి వేలాడుతోంది. వేళ్ళు కాజా మడతచెవిని సవరిస్తున్నాయి. ఇంక పదిరోజులే అన్న లెక్క ఆవిడ మొహంలో ఎక్కడో కదిలినట్టే ఉంది కాని, గొంతులో మాత్రం తెలియనివ్వలేదు.

"ఆవిడకి చెప్పారు, బావుంది జీవరాజుగారూ. అయిదేళ్ళు ఇల్లిచ్చింది నేను. నాకింకా చెప్పలేదు."

"ఇప్పుడు... విన్నారు కదండీ."

"అది ఇంగ్లీషులో, వేరే ఆవిడకి. నాకు తెలుగులో చెప్పండి."

జీవరాజు హెల్మెట్టు తీసి పక్కన పెట్టాడు. చెమటకి అంటుకుపోయిన జుట్టు వెనక్కి తోసుకున్నాడు. పదహారేళ్ళలో ఏడు ఇళ్ళు మారాడు, ఏడుగురు ఓనర్లతో ఏడు రకాలుగా మాట్లాడాడు. ఇంత చిన్నమాటకి ఇంత ఊపిరి కావాలని అతనికి తెలియదు.

"కాజా మాదేనండీ" అన్నాడు. "వెంటపడి రాలేదు, నేనే తెచ్చాను. మీకు అబద్ధం చెప్పాను టీచరుగారూ. తప్పు నాదే."